పెదబండ కొమ్మకు కొత్త దీపం

1

ఈ రాత బోర్డుకి పంపేది కాదు. బోర్డుకి పంపేది వేరే ఉంది. అందులో ఉప్పు సరి, వేడి సరి, నీరు తేట అని రాసి ఊరుకుంటాను. ఇది నాకోసం. కాన్వెంటు పుస్తకాల గదిలో, అట్టలు ఊడిన పుస్తకాలు కుట్టే బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో రాయను. ఎందుకో చెప్తాను.

ఈరోజు మా పగడపు తొట్టికి కొత్త దీపం వచ్చింది.

తీర బోర్డు నుంచి చక్రధర్ గారు వచ్చారు. అమ్మమ్మ కాలం నుంచి తొట్టి మీద వేలాడుతున్న ట్యూబులైట్లు విప్పి గోడకి ఆనించారు. వాటి కొసలు నల్లబడి ఉన్నాయి. వాటి చోట ఒక పలక బిగించారు, పుస్తకం అంత మందం. మీట నొక్కగానే గది గోడలు నీలంగా అయిపోయాయి. అమ్మ చీరా, నా చేతులూ, దండెం మీది తువ్వాళ్ళూ అన్నీ నీలం.

"ఓలమ్మో," అంది అమ్మ. "ఇది దీపమా, సూర్యుడా?"

"ఈ పొగమంచు కొండ మీద మీరు చూసే సూర్యుడి కన్నా ఇదే నయం," అన్నారు చక్రధర్ గారు. "పూర్తి బలం మీద పెట్టాను. తగ్గించడం, పెంచడం మీ చేతిలో ఉండదు. అంతా బోర్డే చూసుకుంటుంది."

కాన్వెంటులో సిస్టర్ బెర్నదెత్ గులాబి మొక్కని నీడలోంచి ఎండలోకి మార్చేటప్పుడు ముందు కొన్నాళ్ళు వరండా అంచున పెట్టేవారు. ఇంత వెలుగు ఒకేసారా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు.

దీపం అంచున శనగ గింజంత కన్ను ఉంది. రంగు చూసి బోర్డుకి పంపడానికట.

"మాటలు కూడా పంపుద్దా బాబూ?" అని అమ్మ అడిగింది.

"దానికి మీ మాటలెందుకమ్మా," అని చక్రధర్ గారు నవ్వారు. పంపదు అని మాత్రం అనలేదు. అందుకే ఇక్కడికొచ్చి రాస్తున్నాను.

2

ఉప్పు సరి. వేడి సరి.

మా తొట్టిలో ఉన్నది ఒక్కటే పగడపు కొమ్మ. మూరెడుంటుంది, జింక కొమ్ములా పాయలు పాయలుగా. సముద్రం ఉడికిన ఏడు తీరం ఖాళీ చేసి జనమంతా ఈ కొండ ఎక్కారు. అమ్మమ్మ బట్టల మూట వదిలేసి, అల్యూమినియం బిందెలో సముద్రపు నీళ్ళు నింపి, అందులో ఈ కొమ్మని పెట్టుకుని నెత్తిన మోసుకొచ్చింది. అప్పుడు అమ్మ ఆమె కడుపులో ఉంది. సముద్రంలో పెదబండ అనే పగడాల దిబ్బ నుంచి విరిచిన కొమ్మ ఇది. ఆ దిబ్బ చచ్చిపోయింది. ఇప్పుడు పెదబండ అంటే ఇదే. ఇంకెవరి దగ్గరా లేదు.

మా వీధిలో ఇంటికో తొట్టి, తొట్టికో దిబ్బ పిల్ల.

సముద్రం మళ్ళీ చల్లబడిందని బోర్డు చెప్తోంది. వానలు తగ్గాక దింపుడు. తనిఖీలో నెగ్గిన కొమ్మల్ని కిందికి తీసుకెళ్ళి నీళ్ళలో నాటుతారు. కొమ్మతో పాటు ఇంటివాళ్ళూ దిగాలి. అది నాటిన చోటనే తెప్ప కట్టుకుని దాన్ని కాపాడుకుంటూ బతకాలి. అమ్మ పుట్టింది ఈ కొండ మీద. సముద్రం ఎలా ఉంటుందో ఆమెకి తెలీదు. తన జీవితమంతా సముద్రపు బిడ్డకి మేత వేసింది గానీ తల్లిని చూడలేదు.

"మా అమ్మ ఎక్కిన దారిన నాను దిగుతాను," అంటుంది. ఆ మాట ఎన్నిసార్లు అందో!

నాన్న నా చిన్నప్పుడే పోయారు. ఈ ఇంట్లో మేమిద్దరం, కొమ్మ. ఇప్పుడు దీపం కూడా.

3

కొమ్మ మీది గోధుమరంగు పలచబడుతోంది.

అమ్మ పొంగిపోతోంది. "సూసినావా తవిటీ, ఇన్నేళ్ళ మురికి ఎలా ఒగ్గిపోతందో!" రోజూ పొద్దున్నే తొట్టి మీది గాజు మూతని వెనిగరుతో తుడుస్తుంది. ఆవిరికి ఉప్పు పేరుకుంటే వెలుగు కిందికి పోదట. ఈ వీధిలో మా మూత అంత శుభ్రమైన మూత ఇంకొకటి లేదు. అందులోంచి వెలుగు కొంచెం కూడా తగ్గకుండా దిగుతుంది.

అది మురికి కాదు. బడిలో నేర్పారు. పగడం ఒంట్లో కంటికి ఆనని నాచు కాపురం ఉంటుంది. అది వెలుగుతో వంట చేసి పగడానికి పెడుతుంది. గోధుమరంగు ఆ నాచుదే. అయితే నాచు ఎక్కడికి పోతోంది?

అమ్మకి చెప్పాను.

"దీపమే నేరుగా పెడతంటే ఇంకా వొండేవోళ్ళు ఎందుకు?" అంది.

వినడానికి సబబుగానే ఉంది. అదే నాకు నచ్చలేదు.

4

ఊదా రంగు వచ్చింది. ముందు కొసలకి, తర్వాత పాయలకి. అడుగున లేత ఆకుపచ్చ. దీపం కింద అది తనలోంచే వెలుగుతున్నట్టుంటుంది.

జనం చూడటానికొస్తున్నారు. అమ్మ అందరికీ టీ పెడుతోంది. పిల్లల్ని ఎత్తుకుని చూపిస్తున్నారు. ఒకావిడ తొట్టికి దణ్ణం పెట్టింది. చక్రధర్ గారు రంగుల కార్డుతో వచ్చారు. అది బొటనవేలంత చతురస్రాల వరుస, తెలుపు నుంచి గోధుమ మీదుగా ఊదా దాకా. గాజుకి ఆనించి చూసి, ఊదా చతురస్రం మీద వేలు పెట్టి అమ్మకి చూపించారు.

"ఇంకొక్క గడి. అంతే. మీరు సముద్రంలో ఉన్నట్టే."

వాళ్ళు వెళ్ళాక మేత వేళయింది. మేత అంటే గుడ్లపొడి, మిరియపు పొడి కన్నా సన్నం. మామూలుగా పొడి నీళ్ళలో పడగానే కొమ్మ మీద ప్రతి చుక్కా తెరుచుకుంటుంది. ఒక్కో చుక్క ఒక్కో నోరు. సన్నని వేళ్ళు చాపి పట్టుకుంటాయి. చిన్నప్పుడు నాకు బెంగ, ఇన్ని నోళ్ళకి సరిపోతుందా అని.

ఈరోజు నోళ్ళు తెరుచుకోలేదు. పొడి కొమ్మని రాసుకుంటూ జారిపోయి ఇసకలో పడింది. నత్తలు తిన్నాయి.

"కడుపు నిండుంటాది," అంది అమ్మ. "ఎలుగు తిని."

నేను దీపం వైపు చూశాను. కన్ను నా వైపే ఉంది. అది ఎప్పుడూ ఆ వైపే ఉంటుందని తెలుసు. అయినా తప్పుకుని నిలబడ్డాను.

5

పక్కింటి గున్నమ్మ మామ్మ తలుపు వేసే ఉంటోంది.

ఆవిడ ఎప్పుడూ తలుపు మూయని మనిషి. కొండ ఎక్కేనాటికి చిన్న పిల్ల. ఆవిడ తొట్టిలో ఉన్నది బిళ్ళ పగడం, పళ్ళెంలా పరుచుకుని ఉంటుంది. మా ఇంటికి వచ్చిన రోజే ఆవిడకీ కొత్త దీపం వచ్చింది. కానీ కిటికీ సందులోంచి చూసిన వాళ్ళు చెప్తున్నారు, ఆ పగడం ఇంకా గోధుమరంగులోనే ఉందని.

అమ్మకి అనుమానం మొదలైంది. అమ్మ దేన్నైనా అనుమానించడం అరుదు.

"దీపం మార్చి పెట్టినాదేమో. ఎవుడికైనా ఇచ్చీసి పాతది ఎలిగిత్తందేమో."

"మామ్మ అలాంటిది కాదమ్మా."

"మరి తలుపెందుకేసుకుంటాది? నాను పిలిత్తే, ఒంట్లో బాగోనేదే ఎల్లాయీ, అనీసింది. గొంతు సూత్తే కోడిపుంజులాగుంది."

నా అనుమానం వేరు. మామ్మకి ఏదో తెలుసు, దాచుతోంది అనిపించింది. ఈ దీపాన్ని తన పగడం దగ్గరికి రానివ్వడం లేదు. ఎందుకు? గోడ అవతల నుంచి జీలకర్ర వాసన కూడా వస్తోంది. పచ్చి పిండి వాసన. దానికీ పగడానికీ ఏమిటి సంబంధం?

6

వెళ్ళాను.

తలుపు కొట్టి, "మామ్మా, నేను, తవిటిని," అన్నాను. చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత గొళ్ళెం తీసిన చప్పుడు.

"నువ్వొక్కత్తివేనా?"

"నేనే."

"అయితే బేగి రా. తలుపెయ్యి."

గది నీలంగా లేదు. మసకగా ఉంది. దీపం వెలుగుతూనే ఉంది, కానీ తొట్టి గాజు మూత మీద పల్చని గుడ్డ పరిచి, దాని నిండా మినప వడియాలు పెట్టి ఉన్నాయి. వరుసలు వరుసలుగా. కొన్ని ఎండిపోయాయి, కొన్ని ఇంకా తడిగా ఉన్నాయి.



"అలా సూడకే," అంది మామ్మ. "ఈ కొండ మీద ఎండ ఎక్కడున్నాది సెప్పు? వొడియం పెడితే బూజు పట్టీడమే. మా అమ్మ సేతి వొడియం రుసి నా నోట్నే ఉండిపోనాది. ఈ దీపం సూడగానే అనుకున్నాను, ఇదిగో ఎండ వొచ్చింది అని. బోర్డోళ్ళకి సెప్పకు తల్లీ. సొంత పన్లకి వాడకూడదంట."

"కన్ను చూడదా మామ్మా?"

"ఏ కన్ను?"

దీపం అంచున శనగ గింజ మీద మందంగా పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. కొత్త వస్తువు ఇంటికి రాగానే బొట్టు పెట్టింది. సరిగ్గా అక్కడే పెట్టింది.

వడియాల సందుల్లోంచి దిగిన వెలుగు చుక్కలు చుక్కలుగా పగడం మీద పడుతోంది. మామ్మ నన్ను కూర్చోబెట్టి, మాటల్లోనే చిటికెడు గుడ్లపొడి నీళ్ళలో వేసింది. పొడి ఇంకా దిగనే లేదు, పళ్ళెం అంతా నోళ్ళు లేచాయి. ఒక్కసారిగా, నురగలా.

"తిండిబోతు ముండ," అంది మామ్మ ముద్దుగా. "నాకెంత పెట్టినా సాలదంటాది."

వచ్చేటప్పుడు నా కొంగులో వడియాలు పోసింది. నోరు మూయడానికి. అమ్మ అడిగితే ఎక్కడివని చెప్పను? కాన్వెంటులో పెట్టాను. సిస్టర్ వేయించుకుని తిన్నారు.

7

చక్రధర్ గారు వీధిలో కనిపించారు. నేనే దగ్గరికి వెళ్ళాను. ఇలాంటిది నేను చేయను. కాళ్ళు వెళ్ళాయి.

"మీ కార్డులో రంగులు ఎక్కడివండీ?"

"ఎక్కడివంటే?"

"ఎవరు నిర్ణయించారు, ఊదా మంచిదని?"

ఆయన కోప్పడలేదు. పైగా సంతోషించారు, ఎవరో ఒకరు అడిగారని. "పాత సముద్రం చిత్రాల నుంచి తీశాం. దొరికిన ప్రతి చిత్రం చూశాం. జనం ఎక్కువగా తీసినవి ఇలాంటి రంగుల్లోనే ఉన్నాయి. దిబ్బలు బతికున్నప్పుడు ఇలాగే ఉండేవి. గోధుమరంగు వాటిని ఎవరూ పెద్దగా తీయలేదు. బాగుండవు కదా."

"అవి ఎప్పుడు తీసినవి?"

"సముద్రం ఉడక్క ముందు."

"ఎంత ముందు?"

ఆయన నా మొహం వైపు చూశారు. "కాన్వెంటు పిల్లలకి అనుమానాలు ఎక్కువమ్మా," అని నవ్వి, "దీపం ఏమీ ఇబ్బంది పెట్టడం లేదుగా?" అన్నారు.

లేదన్నాను. ఎందుకన్నానో! దారంతా తిట్టుకుంటూ వచ్చాను.

8

గున్నమ్మ మామ్మ మా ఇంటికి వచ్చింది. వడియాలన్నీ ఎండిపోయి డబ్బాకెక్కాయి కాబోలు, ధైర్యంగానే వచ్చింది. కొత్త దీపం వచ్చాక మా కొమ్మని ఆవిడ చూడలేదు.

తొట్టి ముందు నిలబడి చెంపల మీద చేతులు పెట్టుకుంది.

"ఎల్లాయీ! ఇది పెదబండే! అచ్చం పెదబండే!"

అమ్మ మొహం వెలిగింది. "నీకు గురుతున్నాదా పిన్నీ?"

"మరవడానికేటి? మా నాన్న పడవ మీద కూకుని సూసినాను. నీళ్ళ కింద తీర్థం, జాతర సేసినట్టు. ఊదా, పచ్చ, నీలం. ఊరు ఊరంతా పడవలేసుకుని సూడ్డానికెల్లినారు. పిల్లలకి బెల్లం జీళ్ళు అమ్మినారు పడవల మీద. అంత ముందెప్పుడూ అలా నేదంట. మా నాన్న అనీవోడు, నాను పుట్టినకాడ్నుంచి ఇది మట్టిరంగు బండే, ఈ ఏడే దీనికి పెళ్ళికళ వొచ్చింది అని."

"ఆ తర్వాత?" అన్నాను.

"ఆ తరవాతేటి?"

"మళ్ళీ చూడటానికి వెళ్ళారా?"

మామ్మ ఆలోచించింది. "ఎల్లినాం. కొన్నాళ్ళకి. తెల్లగుంది. సున్నమేసినట్టు." అని తొట్టి వైపు తిరిగి మళ్ళీ నవ్వింది. "అదేదో ఉడుకు రోగంలే. కానీ ఆ కళ! ఇదిగో, ఇలాగే!"

అమ్మ టీ తెచ్చింది. ఇద్దరూ తాగారు. నా గ్లాసు పట్టుకుని నేను అలాగే నిలబడ్డాను. ఆ రోజు పడవల మీద జీళ్ళు తింటూ ఊరంతా చూసింది దిబ్బ ఆరోగ్యం కాదు. వేడికి తట్టుకోలేక అది తన నాచుని బయటికి నెట్టేసింది. ఆ తర్వాత వెలుగుకి అడ్డంగా కప్పుకోవడానికి దానికి మిగిలింది ఆ రంగులే. మండుటెండలో కొంగు కప్పుకున్నట్టు. చిత్రాలు తీసినవాళ్ళూ అప్పుడే పడవలేసుకుని వెళ్ళి ఉంటారు. గోధుమరంగు బండని ఎవరు తీస్తారు?

ఇది నేను ఎక్కడా చదవలేదు. కాకపోవచ్చు కూడా.

9

అమ్మతో చెప్పాను. కన్ను వినే చోట కాదు, పెరట్లో, నీళ్ళ పీపా దగ్గర.

"అయితే ఏటంటావు?"

"దీపం మీద గుడ్డ కప్పుదాం."

"కప్పితే?"

"మెల్లగా నాచు తిరిగి రావచ్చు. గోధుమరంగు."

"తనిఖీ ఎప్పుడు?"

తనిఖీ వచ్చే వారం.

"అంటే నా సేత్తో నాను దీన్ని మట్టిరంగు సేసి, ఆ బాబు ముందు పెట్టాల. మన పేరు కొట్టీమని. ఒసే తవిటీ, నాకు యాభై దాటినాయి. ఇది కాకపోతే ఇంకో దింపుడు నాను సూత్తానా?"

"అది చచ్చిపోతే ఏం దింపుతామమ్మా?"

"సచ్చేదానికి అంత కళ ఉంటాదా? నీ మొకం సూడు, నా మొకం సూడు. మనకి ఉన్నాదా?"

దానికి నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు.

ఆమె సంతకి వెళ్ళినప్పుడు నా పాత యూనిఫారం లంగా మూత మీద కప్పాను. తిరిగొచ్చి తీసేసింది. ఏమీ అనలేదు. లంగాని మడిచి నా మంచం మీద పెట్టింది. అది తిట్టడం కన్నా గట్టిగా తగిలింది.

కొమ్మ నడుము దగ్గర తెల్లని మచ్చ ఒకటి కనిపించింది. గోరంత. అమ్మకి చూపించాను. వెలుగు అలా పడిందని అంది. కానీ చాలాసేపు చూసింది.

10

తనిఖీ.

వరండా నిండా జనం. గున్నమ్మ మామ్మ పగడం అప్పటికే ఓడిపోయింది. "మూడో తరగతంట. సావనీ," అంటూ వచ్చి గుమ్మంలో కూర్చుంది. చక్రధర్ గారు చేతులు కడుక్కుని కార్డు గాజుకి ఆనించారు. వెనక్కి జరిగి, మళ్ళీ ఆనించారు.

"మొదటి తరగతి," అన్నారు. "ఈ కొండ మొత్తానికి ఇదే మొదటిది."

ఎవరో చప్పట్లు కొట్టారు. అమ్మ తల మీద కొంగు సర్దుకుంది. ఆయన ఒప్పందం పలక ముందుకి చాపారు. "ఇక్కడ వేలిముద్ర పెట్టండి ఎల్లాయమ్మ గారూ."

"అమ్మా," అన్నాను. "ఒకసారి మేత వెయ్యవా?"

అందరూ నా వైపు తిరిగారు.

"ఇప్పుడా?"

"ఒక్కసారి."

అమ్మ డబ్బా తీసింది. బహుశా గొప్పగా చూపిద్దామని కూడా అనుకుని ఉంటుంది. చిటికెడు వేసింది. పొడి నీలం వెలుగులో మెరుస్తూ దిగింది. కొమ్మని తాకింది. జారిపోయింది. అమ్మ ఇంకో చిటికెడు, సరిగ్గా కొసల మీద, బిడ్డ నోటికి అందించినట్టు వేసింది. ఒక్క నోరూ తెరుచుకోలేదు.

"ఏమిటమ్మా మీ సందేహం?" అన్నారు చక్రధర్ గారు నాతో.

"అది బాగాలేదండీ. ఆ రంగు ఆరోగ్యం కాదు. దీపాన్ని తట్టుకోలేక కప్పుకుంది."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు."

"పుస్తకంలో ఉందా?"

"లేదండీ."

"మరి?"

"అనుమానం."

వరండాలో నవ్వారు. "అనుమానం మీద దింపుడు ఆపీమంటావేటే?" అని ఎవరో అన్నారు. చక్రధర్ గారు నవ్వలేదు గానీ పలక చేతిలో అలాగే పట్టుకుని ఉన్నారు.

అమ్మ నన్నే చూస్తోంది. "నీకు గట్టిగా తెల్సా?"

తెలుసు అనాలి. అంటే సరిపోయేది. అమ్మ నా చదువు మీద ఎప్పుడూ ఎదురు చెప్పదు.

"తెలీదమ్మా."

ఆమె తొట్టి వైపు తిరిగింది. ఇసక మీద పడిన పొడి దగ్గరికి నత్తలు పాకుతున్నాయి. చూపుడు వేలు చీరకి తుడుచుకుంది, ముద్ర వేయడానికి అనుకున్నాను. తుడుచుకుంటూనే ఉంది.

"మా కొమ్మ రాదు బాబూ," అంది. "ఈ దీపం ఇప్పీసి పట్టుకెల్లిపో."

"ఎల్లాయమ్మ గారూ, మళ్ళీ అవకాశం ఉండకపోవచ్చు."

"ఇన్నాను."

11

దింపుడు అయిపోయింది. డప్పులు కొట్టుకుంటూ బళ్ళు దిగాయి. మా వీధిలో తొట్లు సగం ఖాళీ. ఉన్నవాళ్ళు అమ్మని చూసి, "ఏటే ఎల్లాయీ, సముద్రానికి మీ ఆడగుంట అనుమానం అడ్డమొచ్చిందా?" అంటున్నారు. ఆవిడ బదులు చెప్పదు. నాతోనూ మాట్లాడటం లేదు. కొమ్మతో మాట్లాడుతుంది.

పాత ట్యూబులైట్లు మళ్ళీ ఎక్కించాం. గుడ్డి వెలుగు. ఆ వెలుగులో ఊదా అంతా ఆరిపోయింది. మిగిలింది ఎముక. పాయల్లో సగం పూర్తిగా తెల్లబడ్డాయి, వాటి మీద పచ్చని బూజు పట్టింది. చచ్చినవి. అమ్మ వాటిని పటకారుతో ఒక్కొక్కటే విరిచి తీసింది. విరిగేటప్పుడు చప్పుడవుతుంది.

నా అనుమానం నిజమో, దీపం తీసేయడమే దాన్ని చంపిందో తెలీదు. మా ఇంట్లో దానికి సాక్ష్యం లేదు. ఆ ఆలోచన నన్ను వదలడం లేదు. మిగిలిన సగం కూడా పోతే అమ్మ నా మొహం ఎలా చూస్తుంది?

వీధి చివర మైకులో బోర్డు రోజూ కింది వార్తలు చెప్తోంది. నాటిన కొమ్మలు నీళ్ళలో ధగధగలాడుతున్నాయట. పడవల మీద జనం వస్తున్నారట.

పడవలు అనగానే గున్నమ్మ మామ్మ నా వైపు చూసింది. ఆవిడకి అప్పుడు అర్థమైంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

12

మైకులో కొమ్మల మాట రావడం లేదు. రోడ్ల గురించి చెప్తున్నారు, రేషను గురించి చెప్తున్నారు.

13

అమ్మ నన్ను పిలిచింది. పేరు పెట్టి పిలవడం చాలా రోజుల తర్వాత.

"తవిటీ. ఇది సూడు."

బతికిన పాయల మొదట్లో, రాయిని అంటుకున్న చోట, టీ మరక లాంటిది. నేను గాజుకి ముక్కు ఆనించి చూశాను. వేలితో తుడిస్తే పోయేది కాదు. కొమ్మ లోపలి నుంచి వస్తున్న రంగు అది.

"అసింగంగా, మురికిగా ఉంది కదే," అంది అమ్మ. వెంటనే గోడ వైపు తిరిగి, "పిన్నీ! ఓ పిన్నీ! బేగి రా, మా కొమ్మ ఎంత అసింగంగా ఉందో సూద్దువుగాని!" అని కేకేసింది.

14

చక్రధర్ గారు వచ్చారు. బోర్డు కోటు లేదు. గడ్డం పెరిగి ఉంది. గుమ్మం బయటే నిలబడ్డారు, పిలిస్తే గానీ లోపలికి రాలేదు.

కిందికి దింపినవాటిలో ఒక్కటీ మిగల్లేదని చెప్పారు. ధగధగలాడాయి, తెల్లబడ్డాయి. ఇంటివాళ్ళు తెప్పల మీదే ఉన్నారట, ఎక్కడికి పోవాలో తెలీక. కాపలా కాయడానికి కింద ఏమీ లేదు.

గెలిచినట్టు అనిపిస్తుందనుకున్నాను. అనిపించలేదు. మా వీధి వాళ్ళ మొహాలు గుర్తొచ్చాయి.

ఆయన తొట్టి ముందు గొంతుక్కూర్చున్నారు. మా కొమ్మ ఇప్పుడు జానెడే. మట్టిరంగులో మొద్దుగా ఉంది.

"ఇది కావాలి," అన్నారు. "ఒక్క పాయ చాలు. నేనే దగ్గరుండి నాటిస్తాను. మీరిద్దరూ రండి. ఎల్లాయమ్మ గారూ, బండి ఇప్పుడే సిద్ధంగా ఉంది. రేపు పొద్దున్నకి మీరు సముద్రం చూస్తారు."

అమ్మ చేతిలో మేత డబ్బా ఉంది. ఆమె కళ్ళలోకి ఆ మాట దిగడం చూశాను. రేపు పొద్దున్న. ఒప్పుకుంటుందనుకున్నాను. ఒప్పుకుంటే కాదనే ధైర్యం ఈసారి నాకు లేదు.

ఆమె చిటికెడు పొడి తీసి నీళ్ళలో వేసింది. కొమ్మ మీద అక్కడో నోరు, ఇక్కడో నోరు తెరుచుకున్నాయి. అన్నీ కాదు. తెరుచుకున్నవి మాత్రం గట్టిగా పట్టుకున్నాయి.

"సముద్రం ఎక్కడికీ పోదు బాబూ," అంది అమ్మ, ఇంకో చిటికెడు తీస్తూ. "దీన్ని ముందు కడుపునిండా తిన్నీ."